హైదరాబాద్ నాలాల పటం నలుగురి సొత్తు కావాలంటే

హైదరాబాద్‌లో ఏ చెరువు పేరు చెప్పినా దాని పటం ఏదో ఒక ఆఫీసులో ఉంటుంది. ఆ చెరువు అలుగు దూకిన నీళ్లు ఏ నాలాలో పడతాయి, ఆ నాలా ఏ గల్లీ కింద నుంచి పోతుంది, ఎక్కడ సన్నబడుతుంది, చివరికి మూసీలో ఎక్కడ కలుస్తుంది అని అడిగితే మాత్రం ఒక్కచోట జవాబు దొరకదు. శిఖం (చెరువు గర్భం) భూముల సర్వే నంబర్లు రెవెన్యూ దగ్గర, కట్టా తూముల వివరాలు నీటిపారుదల శాఖ దగ్గర, నాలాలు జీహెచ్ఎంసీ దగ్గర, మురుగు పైపులు జలమండలి దగ్గర ఉంటాయి. ఎవరి ముక్క వాళ్ల దగ్గర బాగానే ఉంటుంది. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు ఎక్కడా ఉండదు.

మనవి గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు నిండితే దాని మత్తడి (అలుగు) నీళ్లు దిగువ చెరువుకు చేరాలి. 2020 అక్టోబర్ వానల్లో బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు దిగువ బస్తీల్లో ఇళ్లు మునిగాయి. కట్ట తెగిందన్న కబురు రాగానే నీళ్లు ఏ దారిన వస్తాయో, ముందు ఏ వీధికి చెప్పాలో ఎవరైనా ఫోన్ తీసి చూసుకోగలగాలి. అందుకు విడివిడి చెరువుల బొమ్మలు చాలవు, గొలుసు కావాలి. అందుకే ఉమ్మడి పటం పని మొదలుపెట్టే ఏ బృందానికైనా నేను ఇచ్చే సలహా ఒకటే: దుకాణాలు, హోటళ్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు నీటి దారులు గీయండి, అవి ఒకదానికొకటి అతికేలా గీయండి.

ఈ ఊళ్లో ఈ పనికి పాత ఆనవాయితీ ఉంది. 1908 సెప్టెంబర్ మూసీ వరద తర్వాత 1910ల్లో లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరం మొత్తాన్ని వీధి వీధీ కొలిచి పటాలు గీశారు. పాత బస్తీ మీద పనిచేసేవాళ్లు నేటికీ వాటిని తిరగేస్తారు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది, బాలానగర్‌లో ఇస్రో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ ఉంది. పటాల విద్యకు ఇంత పెద్ద కేంద్రంలో ఉంటూ మన వాడ నాలా పటం మన చేతిలో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఎక్కడ గీయాలి

నా జవాబు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, అంటే జనమే కలిసి గీసే ఆన్‌లైన్ ప్రపంచ పటం. 2004లో ఇంగ్లండ్‌లో మొదలైంది. ఎవరైనా ఖాతా తెరిచి దిద్దవచ్చు, ఎవరైనా మొత్తం డేటాను దించుకోవచ్చు. ప్రతి మార్పుకూ చరిత్ర ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వెనక్కి వెళ్లి చూడవచ్చు. 2012 నుంచి డేటా ఓడీబీఎల్ అనే బహిరంగ డేటా లైసెన్స్ కింద ఉంది. వాడుకున్నవాళ్లు పేరు చెప్పాలి, ఆ డేటాను మెరుగుపరచి బయటికి ఇస్తే ఆ మెరుగులు కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. రేపు ఏ కంపెనీ వచ్చినా మనం గీసిన నాలాను తీసుకుపోయి తాళం వేసుకోలేదు.

చట్టం సంగతి చాలామంది అడుగుతారు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో పటాలు గీయడానికి ముందస్తు అనుమతులు తీసివేశారు, 2022 డిసెంబర్‌లో జాతీయ భూస్థానిక విధానం కూడా వచ్చింది. అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కంటే సూక్ష్మమైన డేటా తయారీని భారతీయ సంస్థలకే పరిమితం చేశారు. ఫోన్ జీపీఎస్‌తో చేసే పని ఆ సూక్ష్మత దరిదాపుల్లోకి కూడా రాదు. ఒక్క జాగ్రత్త: కంటోన్మెంట్, రక్షణ ప్రయోగశాలల ప్రహరీల లోపలికి వెళ్లకండి. బయటి రోడ్డు, బయటికి వచ్చే నాలా గీస్తే చాలు.

గూగుల్ మ్యాప్స్ చూసి పేరు గానీ గీత గానీ ఎక్కించవద్దు. అలా ఎక్కించినట్టు తేలితే ఆ మార్పులు తీసేస్తారు, వాటి మీద మరొకరు కట్టిన పని కూడా పోవచ్చు. ఆఫీసు ఏదైనా డేటా ఇస్తామంటే ఆ మాట కాగితం మీద తీసుకోండి: డేటా పేరు, ఏ తేదీ నాటిది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఓడీబీఎల్ కింద వాడుకోవడానికి సమ్మతి. నోటిమాట మీద ఎక్కిస్తే ఆ అధికారి బదిలీ అయిన రోజున మన దగ్గర రుజువేమీ మిగలదు. పెద్ద ఫైలును మూకుమ్మడిగా ఎక్కించే ముందు అక్కడి సమూహంలో చర్చకు పెట్టడం, దానికి వేరే ఖాతా వాడడం నియమం. లేకపోతే ఉన్న నాలా పక్కనే అదే నాలా మరోసారి వచ్చి కూర్చుంటుంది.

బయలుదేరే ముందు

నలుగురైదుగురు చాలు. ఒకరు నడుస్తూ ఫొటోలు తీయాలి, ఒకరు టేపు పట్టాలి, ఒకరు కాగితం మీద రాయాలి. ఇంటికొచ్చాక గీసేవారు ఒకరు, గీసింది సరిచూసేవారు మరొకరు ఉండాలి. గీసినవారే సరిచూస్తే తప్పులు దొరకవు.

కాగితం పటం తప్పకుండా తీసుకెళ్లండి. ఏ4 కాగితం మీద 1:2000 స్కేలులో అచ్చు వేస్తే 420 మీటర్లకు 594 మీటర్ల జాగా వస్తుంది, అంచులు పోను ఒక బస్తీకి సరిపోతుంది. ఎండలో ఫోన్ తెర కనపడదు. పైగా నాలా ఎటు పోతుందో తెలిసిన పెద్దమనిషి చేతికి పెన్ను ఇస్తే కాగితం మీద చకచకా గీసి చూపిస్తాడు, అదే ఫోన్ ఇస్తే వెనక్కి తగ్గుతాడు.

ఫోన్‌లో జీపీఎస్ దారిని సెకనుకో బిందువు చొప్పున రికార్డు చేసే యాప్ పెట్టుకోండి. మొదలుపెట్టగానే నడవకుండా, ఆకాశం బాగా కనిపించే చోట రెండు మూడు నిమిషాలు నిలబడండి. ఆరుబయట ఫోన్ జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో పనిచేస్తుంది. పాత బస్తీ గల్లీల్లో సంకేతం గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి తేడా పది, ఇరవై మీటర్లకు పోతుంది. అక్కడ జీపీఎస్ గీతను నమ్మి రోడ్డును జరపకూడదు. తెలిసిన మూలమలుపు నుంచి అడుగులు కొలుచుకోవడమే నయం.

ఫొటోల దగ్గర దాదాపు ప్రతి బృందానికీ ఎదురయ్యే దెబ్బ ఒకటుంది. అందరూ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో వేస్తారు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోలోని స్థానం, సమయం తీసేస్తుంది. బోలెడన్ని కల్వర్టు ఫొటోలు చేతికొస్తాయి, ఏది ఎక్కడిదో ఒక్కదానికీ తెలియదు. డాక్యుమెంట్‌గా పంపితే ఆ వివరాలు మిగులుతాయి, కేబుల్‌తో దించుకుంటే ఇంకా మంచిది. కెమెరా గడియారం, ఫోన్ గడియారం ఒకటే చూపిస్తున్నాయో లేదో కూడా ముందే చూసుకోండి. జోసమ్ అనే ఎడిటర్ ఫొటో సమయాన్ని జీపీఎస్ దారితో సరిపోల్చి పటం మీద కూర్చోబెడుతుంది. గడియారం నిమిషం తప్పితే ఫొటో వీధి అవతల పడుతుంది.

నాలా పక్కన

నాలాను ఒక గీతగా గీస్తాం, ఆ గీతకు దిక్కు ఉంటుంది. గీయడం మొదలుపెట్టిన చోటు ఎగువ, ముగించిన చోటు దిగువ. పటం మీద చూస్తే తేడా కనపడదు గానీ దిక్కు తిరగబడితే నీళ్లు కొండెక్కినట్టే, ఆ డేటా మీద లెక్క కట్టినవాళ్ల వరద అంచనా మొత్తం తారుమారు అవుతుంది. వేసవిలో నాలా ఎండిపోయి ఉంటే ప్రవాహం ఎటో ఎలా తెలుస్తుంది? కల్వర్టు దగ్గర ఆగి రెండు వైపులా చూడండి. ప్లాస్టిక్ కవర్లు, కొమ్మలు, గుడ్డపేలికలు పైపు మూతికి అడ్డంపడి గుట్టగా పేరుకున్నది ఎగువ వైపు. రెండో వైపు మూతి కాస్త శుభ్రంగా, దాని ముందు నేల కోసుకుపోయి చిన్న గుంటలా ఉంటుంది, అది దిగువ. అనుమానం ఉంటే పక్కింటివాళ్లను అడగండి. వానాకాలంలో నీళ్లు ఎటు నుంచి వచ్చాయో వాళ్లు మరిచిపోరు.

ఇస్రో పటాల వెబ్‌సైట్ భువన్‌లో దొరికే కార్టోడెమ్, నాసా వాళ్ల ఎస్ఆర్‌టీఎమ్ వంటి ఎత్తుల డేటా చూసి దిక్కు నిర్ణయించవద్దు. వాటిలో ఒక్కో గడి 30 మీటర్లు, ఎత్తులో తేడా మీటర్లలో ఉంటుంది. పైగా ఇళ్లు కిక్కిరిసిన చోట అవి చూపించేది నేల ఎత్తు కాదు, కప్పుల ఎత్తు. రెండు చెరువుల్లో ఏది ఎగువదో చెప్పడానికి పనికొస్తాయి, గల్లీలో నాలా వాలు చెప్పడానికి పనికిరావు.

ప్రతి కల్వర్టు దగ్గరా కొలవాల్సినవి ఇవి: లోపలి వెడల్పు, లోపలి ఎత్తు, పైపైతే ఎన్ని వరుసలు, ఒక్కోదాని వ్యాసం ఎంత. పైనుంచి ఐదు మీటర్ల టేపు వదిలితే చాలు. నాలాలోకి దిగవద్దు. పూడిక ఎంత లోతుందో చూడకుండా అడుగుపెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. వాన పడుతున్నప్పుడైతే అటు వెళ్లనే వద్దు.

గీసిన గీత ఏమిటో చెప్పే గుర్తును ట్యాగు అంటారు. సిమెంటు గోడలు కట్టిన నాలాకు ట్యాగు వాటర్‌వే=డ్రెయిన్, మట్టి ఒడ్లతో వాగులా మిగిలి ఉంటే వాటర్‌వే=స్ట్రీమ్. రోడ్డు కింద, స్లాబు కింద పోయే ముక్కకు అదే గీతను అక్కడ విడగొట్టి టనెల్=కల్వర్ట్, లేయర్=-1 (నేల మట్టానికి కింద అని) తగిలించాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. నాలా గీత రోడ్డు గీతను దాటే చోట రెండింటినీ ఒకే బిందువుతో కలిపేస్తారు. అలా కలిపితే రోడ్డూ నాలా ఒకే మట్టంలో కలుస్తున్నాయని అర్థం. అక్కడ కలపకూడదు. నాలా నాలాలో కలిసే చోట మాత్రం తప్పనిసరిగా ఒకే బిందువు ఉండాలి, అర మీటరు ఎడం మిగిలినా కంప్యూటర్ లెక్కలో గొలుసు తెగినట్టే. నాలా చెరువులో పడే చోట, చెరువు నుంచి బయటికొచ్చే చోట కూడా నీటి అంచు మీది బిందువుకు గీతను తగిలించాలి. హుస్సేన్‌సాగర్‌నే చూడండి. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా అందులో పడతాయి, మిగులు నీళ్ల నాలా అశోక్‌నగర్ మీదుగా మూసీకి పోతుంది. అన్ని రాకలూ ఆ ఒక్క పోకా చెరువు అంచుకు అతికితేనే అది గొలుసులో భాగం అవుతుంది.

స్లాబు వేసి మీద ఇళ్లు కట్టిన చోట నాలా ఎటు పోయిందో పైనుంచి తెలియదు. లోపలికి పోయే మూతి, బయటికి వచ్చే మూతి రెండూ గుర్తించండి. మధ్యలో మ్యాన్‌హోల్ మూతలు వరుసగా ఉంటే వాటి మీదుగా గీయవచ్చు. ఏ ఆధారమూ లేకపోతే రెండు మూతుల మధ్య తిన్నగా గీత వేసి, ఈ ముక్క అంచనా అని ఫిక్స్‌మీ ట్యాగులో తెలుగులోనే రాసిపెట్టండి. ఏది చూసింది, ఏది ఊహించింది అన్న తేడా పటంలోనే ఉండాలి.

చెరువు గీసేటప్పుడు ముందు కట్ట గీయండి, ఎందుకంటే అది చోటు మారదు. తర్వాత అలుగు, తూములు. అన్నిటికన్నా చివర నీటి అంచు. ఏ నెల ఉపగ్రహ చిత్రం చూశామన్న దాన్నిబట్టి నీటి అంచు మారిపోతుంది. మే నెల చిత్రం చూసి గీస్తే సగం చెరువు కనపడకుండా పోతుంది. వానాకాలం ముగిశాక, అక్టోబర్ నవంబర్ నాటి అంచును చెరువుగా తీసుకుని, ఏటా ఎండిపోయే భాగాన్ని ఇంటర్మిటెంట్=యస్ అని విడిగా గుర్తించడం నాకు నచ్చిన పద్ధతి.

ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) గీతను మాత్రం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీయవద్దు. అది చట్టపరమైన గీత. నేల మీద రాళ్లు పాతి ఉంటే తప్ప వెళ్లి చూసి సరిచూడలేం. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ (కట్టడాలు కట్టకూడని పట్టీ) అన్న నిబంధన అందరికీ తెలుసు కాబట్టి, ఎవరో అంచనాగా గీసిన ఎఫ్‌టీఎల్ చుట్టూ మరొకరు 30 మీటర్ల పట్టీ లాగి, ఈ ఇల్లు లోపలుంది అని తేల్చేస్తారు. 2024లో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చాక నాలా పక్కన ఎవరైనా టేపు పట్టుకుని నిలబడితే ఇళ్లు కూలగొట్టడానికే వచ్చారని బస్తీవాళ్లు భయపడుతున్నారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ముందుగా బస్తీ పెద్దలతో, మహిళా సంఘాలతో మాట్లాడండి, ఏం కొలుస్తున్నారో కాగితం మీద చూపించండి, గీసిన పటం అచ్చు తీసి వాళ్లకు ఇవ్వండి. ఇంటి యజమానుల పేర్లు అడగవద్దు, రాయవద్దు. ఇల్లు కనిపిస్తే అది ఇల్లు, అంతే. అది ఆక్రమణా కాదా అని తేల్చడం పటం పని కాదు. ముంపు లోతు, ఏ ఏడాది ఎంతవరకు నీళ్లొచ్చాయన్నది కూడా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేరదు. దానికి విడి పట్టిక పెట్టుకుని, స్థానం ద్వారా పటంతో జోడించండి.

ఇంటికొచ్చి గీసేటప్పుడు

ఉపగ్రహ చిత్రం నేల మీద సరిగ్గా కూర్చుని ఉండదు, కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. బంజారాహిల్స్ లాంటి ఎత్తుపల్లాల చోట ఆ జరుగుడు ఒక వీధిలో ఒకలా, పక్క వీధిలో ఇంకోలా ఉంటుంది. నాలుగైదు జీపీఎస్ దారులను ఒక కూడలి దగ్గర పరిచి, వాటి నడిమికి చిత్రాన్ని జరుపుకున్నాకే గీయండి. కొత్త చిత్రం వచ్చిందని ఉన్న రోడ్లన్నిటినీ దాని మీదికి జరిపేయడం పెద్ద పొరపాటు. గచ్చిబౌలి వైపు ఎత్తైన భవనాలు చిత్రంలో వాలి కనిపిస్తాయి, కాబట్టి కప్పును కాకుండా అడుగు భాగాన్ని గుర్తించాలి.

సర్వే ఆఫ్ ఇండియా పాత పటం, అంటే టోపోషీట్ దొరికితే (హైదరాబాద్‌ది 56కె నంబరు) నేరుగా పరచవద్దు. అది ఎవరెస్ట్ డేటమ్ అనే పాత కొలతల ఆధారం మీద గీసింది, మన జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 మీద నడుస్తుంది. మార్చకుండా పరిస్తే చెరువు వంద మీటర్లకు పైగా పక్కకు పోతుంది. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పొడవులు, వైశాల్యాలు లెక్కకట్టడానికి మీటర్లలో కొలిచే యూటీఎమ్ పద్ధతిలో 44 ఉత్తరం మండలం, అంటే ఈపీఎస్‌జీ కోడ్ 32644 పెట్టుకోండి. 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉన్న వికారాబాద్, జహీరాబాద్ మాత్రం 43వ మండలంలోకి వస్తాయి.

అక్షాంశం, రేఖాంశం వరుస దగ్గర జాగ్రత్త. ఫోన్‌లో కాపీ చేస్తే చార్మినార్ 17.3616, 78.4747 అని వస్తుంది. జియోజేసన్, కేఎమ్ఎల్ అనే పటం ఫైళ్లలో రేఖాంశం ముందు రాయాలి. తిప్పి రాస్తే చార్మినార్ ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ మంచుదీవిలో తేలుతుంది. దశాంశం తర్వాత ఐదు అంకెలంటే దాదాపు ఒక మీటరు. ఫోన్ కొలతకు అంతకు మించి అక్కర్లేదు.

ఇక పట్టికల సంగతి. హైదరాబాద్ ఇంటి నంబర్లు ఎక్సెల్‌కు శత్రువులు. 8-3-22 అని కొడితే దాన్ని తేదీగా మార్చేస్తుంది, తర్వాత వెనక్కి తెచ్చే దారి లేదు. ఫైలు తెరవకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా పెట్టండి. తెలుగు ఉన్న సీఎస్‌వీని యూటీఎఫ్-8గా, బామ్ అనే ఫైలు మొదటి గుర్తుతో సహా భద్రపరచాలి, లేకపోతే ఎక్సెల్‌లో అక్షరాలన్నీ పిచ్చిగీతలవుతాయి. షేప్‌ఫైల్ అనే పాత పటం ఫార్మాట్ వాడకండి. దాని నిలువు వరుస పేరు పది బైట్లు దాటకూడదు, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పోతాయి. గడిలో కూడా 254 బైట్లే, అంటే 84 తెలుగు సంకేతాలు. గుణింతాలు, ఒత్తులు కలిపి లెక్కేస్తే చిరునామా మధ్యలోనే తెగిపోతుంది. జియోప్యాకేజీ ఫార్మాట్ వాడితే ఈ తలనొప్పి లేదు.

పేర్లలో నేమ్:టీఈలో తెలుగు, నేమ్:యూఆర్‌లో ఉర్దూ, నేమ్:ఈఎన్‌లో ఇంగ్లిష్ పెట్టండి. మెహిదీపట్నం, మెహదీపట్నం అని జనం రెండు రకాలుగా రాస్తే రెండోదాన్ని ఆల్ట్_నేమ్‌లో పెట్టండి, తప్పని కొట్టేయకండి. హైదర్‌నగర్ లాంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనపడని విడదీత అక్షరం ఒకటుంటుంది. అది ఉన్న పేరూ లేని పేరూ కంప్యూటర్‌కు రెండు వేర్వేరు పేర్లు. రెండు పట్టికలు పేరు మీద జోడించే ముందు ఆ అక్షరాన్ని రెండింటిలోనూ తీసేసి పోల్చండి.

పట్టికను పటంతో జోడించడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఐడీ మీద ఆధారపడకండి. నాలాను కల్వర్టు దగ్గర విడగొట్టిన ప్రతిసారీ ఒక ముక్కకే పాత ఐడీ మిగులుతుంది, మిగతావాటికి కొత్తవి వస్తాయి. వార్డు నంబరు కూడా వద్దు, వార్డుల హద్దులు మారుతుంటాయి. చెరువుకు ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు సంఖ్య ఉంటే రెఫ్ ట్యాగులో పెట్టి, దాన్నే అన్ని పట్టికల్లోనూ వాడండి.

అతుకుల తనిఖీ

వారానికోసారి చేయాల్సిన తనిఖీ ఇది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను వడకట్టి ఇచ్చే ఓవర్‌పాస్ టర్బో వెబ్‌సైట్ నుంచి మీ ప్రాంతం నాలా గీతలు, చెరువులు దించుకుని క్యూజీఐఎస్‌లో తెరవండి. ఎక్స్‌ట్రాక్ట్ స్పెసిఫిక్ వర్టెసెస్ పరికరంలో 0, -1 ఇస్తే ప్రతి గీత మొదలు, చివర బిందువులు వస్తాయి. వాటిలో మరే గీతనూ, చెరువునూ, మూసీనీ తాకని చివరి బిందువులను వడకట్టండి. దిగువకు దారి లేకుండా గాల్లో ఆగిపోయిన నాలాలు అవే. ఆ జాబితానే వచ్చే వారం నడవాల్సిన చోట్ల జాబితా. ఏ రెండు గీతల చివరలు ఒకచోట కలిసి అక్కడి నుంచి ఏదీ మొదలు కాకపోతే, వాటిలో ఒకదాని దిక్కు తిరగబడి ఉండవచ్చు.

పూడికతీత పనులప్పుడు నాలాలు తెరిచి ఉంటాయి కాబట్టి కల్వర్టు కొలతలకు ఏప్రిల్, మే అనుకూలం. చెరువు అంచులు, అలుగులు చూడడానికి వానలు తగ్గాక నవంబర్ మంచిది. కొత్త రోడ్డు వేసిన చోట, నాలాకు కొత్త గోడ కట్టిన చోట పాత కొలత పనికిరాదు కాబట్టి ప్రతి కల్వర్టుకూ కొలిచిన తేదీని చెక్_డేట్ ట్యాగులో రాయండి, రెండేళ్లు దాటినవాటిని ముందు తిరగండి. జియోఫాబ్రిక్ అనే సంస్థ ప్రతిరోజూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోని దక్షిణ భారతం డేటాను ఒక ఫైలుగా ఇస్తుంది. మే చివర ఒకటి, నవంబర్ చివర ఒకటి దించి తేదీతో దాచుకుంటే, ఏ నాలా ఏ ఏడాది సన్నబడిందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.